కాళ్ళు పీకడం ప్రతీక కాదు

ఆ మధ్య ఒక ఆదివారం సాయంత్రం, పదిహేను మందిమి కూర్చుని ఒక కథ గురించి మాట్లాడుకుంటున్నాం. కూర్చుని అన్నానుగానీ, నేను మాత్రం వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. కథలో ఒక ముసలావిడ. రాత్రిళ్ళు నిద్రపోదు. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంది. కాసేపు పడుకుని, మనవరాలిని లేపి కాళ్ళు పిసకమంటుంది. మళ్ళీ లేచి తిరుగుతుంది. చర్చలో ఒకరు, ఆ నడక ఊరు వదిలి వచ్చిన తరం అశాంతి అన్నారు. ఇంకొకరు, మనవరాలి చేత కాళ్ళు పిసికించుకోవడం ఫ్యూడల్ అవశేషం అన్నారు. ఒక మిత్రుడు ఇంకాస్త ముందుకెళ్ళి, ఆవిడ తిరుగుతున్నది ఇంట్లో కాదు, జ్ఞాపకాల్లో అన్నాడు. అందరూ తలలూపారు.

"ఆవిడకి కాళ్ళు పీకుతున్నాయేమో" అన్నాను నేను.

అందరూ నవ్వారు. జోక్ వేశాననుకున్నారు. చర్చ ముందుకెళ్ళిపోయింది.

నేను జోక్ వేయలేదు. పన్నెండేళ్ళుగా నాకున్న జబ్బు అది. ఆ రోజు గోడకి ఆనుకుని నిలబడింది కూడా అందుకే. సాయంత్రం ఆరు దాటాక గంటసేపు కుర్చీలో కదలకుండా కూర్చోవడం నా వల్ల కాదు. దాని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. ఈ వ్యాసం ఆ జబ్బు గురించి, ఇంకా చెప్పాలంటే ఆ నవ్వు గురించి. కథలోనైనా, ఇంట్లోనైనా, క్లినిక్‌లోనైనా ఒక మనిషి తన ఒంటి గురించి ఒక మాట చెప్తే, ఆ మాటని ఆ మాటగా వినకుండా దాని వెనకాల ఇంకేదో వెతికే అలవాటు మనకి బాగా ముదిరింది. దాన్ని మనం లోతుగా చదవడం అంటున్నాం. చాలాసార్లు అది వినకపోవడానికి పెట్టుకున్న మర్యాదైన పేరు అని నా అభియోగం.

*

ముందు జబ్బు సంగతి. కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో కాళ్ళల్లో, ఎక్కువగా పిక్కల లోపల, ఏదో మొదలవుతుంది. నాకైతే దాన్ని నొప్పి అనలేను. దురద కాదు, గోకితే పోదు. ఎముకకీ కండకీ మధ్య ఎవరో దారం పెట్టి మెల్లగా లాగుతున్నట్టు ఉంటుంది. కాలు కదపాలనిపిస్తుంది. బిగబట్టుకుంటే ఆ అనిపించడం పెరిగి పెరిగి, వచ్చే తుమ్ముని ఆపుకోలేనట్టు, ఆపుకోలేని చోటికి వస్తుంది. కదిపితే తగ్గుతుంది. లేచి నడిస్తే ఇంకా బాగా తగ్గుతుంది. మళ్ళీ పడుకుంటే మళ్ళీ మొదలు. పగలు ఉండదు, లేదా తక్కువ. పొద్దు వాలినకొద్దీ పెరిగి, రాత్రి పదకొండు నుంచి రెండు దాకా దానిదే రాజ్యం. తెల్లవారుజామున సద్దుమణుగుతుంది. అప్పుడు పట్టే నిద్రకి పొద్దున్నే స్టాండప్ మీటింగ్ అలారం ఒకటి. పేరు వినగానే నాకు నవ్వొచ్చే మీటింగ్ అదొక్కటే. నాకు అన్ని మీటింగులూ స్టాండప్పే.

చాలామంది దీన్ని వేరే మూడింటితో కలిపేస్తారు. కూర్చున్నచోట మోకాలు ఊపుతూ ఉండటం అలవాటు. ఊపేవాళ్ళలో చాలామందికి ఊపుతున్నట్టే తెలియదు, ఆపమంటే బాధ లేకుండా ఆపేస్తారు. అర్ధరాత్రి పిక్క పట్టేసి, రాయిలా గట్టిపడి కేక పెట్టించేది వేరు, అది కండరం బిగుసుకోవడం. షుగర్ ఉన్నవాళ్ళకి అరికాళ్ళల్లో మంటలు, తిమ్మిర్లు వచ్చేది నరాలు దెబ్బతినడం వల్ల. లేచి నాలుగడుగులు వేసినంత మాత్రాన అది పోదు. ఈ మూడూ నిజమైనవే. కానీ నేను చెప్తున్నది నాలుగోది.

దీన్ని డాక్టర్లు ఎలా తేలుస్తారో చూడండి. ఐదు ప్రశ్నలు. కాళ్ళు కదపాలన్న ఒత్తిడి ఉందా? ఊరికే ఉన్నప్పుడు మొదలవుతుందా, లేదా పెరుగుతుందా? కదిలితే తగ్గుతుందా? సాయంత్రం, రాత్రి ఎక్కువా? ఇదంతా వేరే జబ్బు వల్ల వస్తున్నది కాదు కదా? అన్నింటికీ అవుననే జవాబైతే జబ్బు ఉన్నట్టే. ఇది ఉందని చూపించే స్కానింగ్ లేదు. రక్తపరీక్ష కారణం వెతకడానికి పనికొస్తుందిగానీ జబ్బుని పట్టివ్వదు. రోగి చెప్పిన మాట, డాక్టర్ విన్న మాట. ఉన్న సాక్ష్యం అంతే.

అంటే ఇది ఒక వర్ణనతో మాత్రమే తేలే జబ్బు. చెప్పేవాళ్ళకి సరైన మాట దొరకాలి, వినేవాళ్ళకి ఆ మాట అర్థం కావాలి. రెండింట్లో ఏది తప్పినా మనిషి ఏళ్ళకేళ్ళు రాత్రిళ్ళు హాల్లో తిరుగుతూనే ఉంటాడు. సాహిత్య పత్రికలో కాళ్ళ గోల ఏంటయ్యా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే.

*

వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు పడటం గురించి ఒక వ్యాసం రాసింది. ఇంగ్లీషులో ప్రేమ గురించి చెప్పుకోవడానికి అందరి మాటలూ అరువు దొరుకుతాయి, డాక్టర్ ముందు తలనొప్పి గురించి చెప్పబోతే మాత్రం భాష ఎండిపోతుంది అని అందులో ఆవిడ ఫిర్యాదు. ఈ మాటని మనవాళ్ళు కూడా తెలుగుకి వర్తింపజేసి చెప్తుంటారు. నేను ఒప్పుకోను. ఒంటి బాధల దగ్గర తెలుగు బీద భాష కాదు.

మా అమ్మది ఖమ్మం వైపు. ఆవిడ "కాళ్ళు గుంజుతున్నయి రా" అంటుంది. నాన్న వాళ్ళ వైపు "పీకుతున్నాయి", "లాగుతున్నాయి" అంటారు. పుండు సలుపుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది, పన్ను జివ్వుమంటుంది, నడుం పట్టేస్తుంది. వీటిలో ఒకదాని బదులు ఇంకోటి వాడం. సలపడంలో నాడిలా కొట్టుకోవడం ఉంది. తిమ్మిరిలో స్పర్శ పోవడం ఉంది. పీకడంలో, గుంజడంలో లోపల్నుంచి లాగడం ఉంది. ఈ జబ్బుకి ఇంగ్లీషు రోగులు వెతుక్కుని వెతుక్కుని పట్టుకునే పోలిక కూడా లాగడమే.

నిజమే, రోజంతా నిలబడి పనిచేసినా కాళ్ళు పీకుతాయంటాం. మరి తేడా ఎక్కడ? వాక్యంలో ఉంది. "నడిస్తే పీకుతున్నాయి" అనేది ఒక మాట, "పడుకుంటే పీకుతున్నాయి" అనేది ఇంకో మాట. అలిసిన కాలు పడుకుంటే తేలికపడుతుంది. ఈ కాలు పడుకుంటేనే మొదలుపెడుతుంది. "రాత్రి పడుకుంటే చాలు గుంజుతయి, లేచి తిరిగితే మంచిగుంటది" అని మా అమ్మ చెప్పే వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చదవండి. ఐదు ప్రశ్నల్లో కనీసం మూడింటికి జవాబు అందులో ఉంది. ఆవిడ టెన్త్ కూడా చదవలేదు. రోగనిర్ధారణ దాదాపు పూర్తిచేసి చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్ళు ఎవరూ అందుకోలేదు. అందుకోనివాళ్ళలో నేను కూడా ఉన్నాను.

నా వంతు వచ్చినప్పుడు క్లినిక్‌లో జరిగింది ఇది.

"నొప్పా?"

"నొప్పి కాదండీ, పీకుతాయి."

"పీకడమంటే నొప్పేగా."

చీటీ మీద ఇంగ్లీషులో కాళ్ళ నొప్పి అని పడింది. ఐదు రోజులకి నొప్పి మాత్రలు. ఆ అనువాదంలో ఏం పోయిందో ఆయనకి తెలీదు, నాకూ అప్పటికి తెలీదు. రెండేళ్ళ తర్వాత ఇంకో డాక్టర్ కాస్త ఎక్కువసేపు మాట్లాడారు. ఏం పని చేస్తావు, టెన్షన్లు ఉన్నాయా, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా అని అడిగి, ఇది మనసుకి సంబంధించింది అని తేల్చారు. ఆందోళన తగ్గడానికి మందు రాశారు. ఆ రకం మందులు కొన్ని ఈ జబ్బుని పెంచుతాయని నాకు తర్వాత తెలిసింది. పెంచింది కూడా. మొదటాయన పదం మార్చారు, రెండో ఆయన కాళ్ళు వదిలేసి మనసు చదివారు. మా ఆదివారం చర్చలో జరిగింది కూడా ఈ రెండోదే. కాకపోతే అక్కడ ఫీజు లేదు.

ఇంట్లో ఇంకో భాష ఉంది. "కాళ్ళు ఊపకురా, లక్ష్మి నిలవదు." ఇది వినకుండా పెరిగినవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎవరైనా ఉన్నారా? భోజనాల దగ్గర, పెద్దల ముందు, పెళ్ళి పీటల మీద కదలకుండా ఉండటం మనకి సంస్కారం. కదలడం దరిద్రం. కదలకుండా ఉండలేని జబ్బు ఉన్న పిల్లాడికి (పిల్లలకీ వస్తుంది ఇది, వాళ్ళకి చెప్పుకోవడం ఇంకా చేతకాదు) ఆ ఇంట్లో దొరికే రోగనిర్ధారణ క్రమశిక్షణ లేకపోవడం.

*

ఇక మన మేధావి మిత్రుల అభ్యంతరం. ఇది నేను బాగా గౌరవించే అభ్యంతరం, అందుకే దానికి ఎక్కువ చోటిస్తాను. "ఇదంతా ఫార్మా కంపెనీలు పుట్టించిన జబ్బు. మందు ముందు తయారుచేసి, జబ్బు తర్వాత అమ్మారు." ఇందులో వాస్తవం ఉంది. రోపినిరోల్ అనే పార్కిన్‌సన్స్ మందుకి 2005లో అమెరికాలో ఈ జబ్బుకి వాడుకోవడానికి అనుమతి వచ్చింది. దాని చుట్టూ పెద్ద ప్రచారం నడిచింది. 2006లో వొలోషిన్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు, అమెరికా పత్రికలు ఆ ప్రచారాన్ని ప్రశ్నించకుండా ఎలా మోశాయో, మామూలు ఇబ్బందిని కూడా రోగంగా ఎలా చూపించాయో విశ్లేషిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. మంచి పని చేశారు. పత్రికల మీద వాళ్ళ విమర్శ నేటికీ చదవదగ్గది.

అయితే వాళ్ళు విమర్శించింది ప్రచారాన్ని. మనవాళ్ళు దాన్ని జబ్బే లేదని అర్థం చేసుకున్నారు. థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1672లోనే లాటిన్‌లో ఈ బాధని వర్ణించాడు. పడుకోగానే కాళ్ళూ చేతులూ ఎగిరిపడి నిద్ర దక్కనివాళ్ళని, చిత్రహింసలు పడుతున్నవాళ్ళతో పోల్చాడు. స్వీడన్ న్యూరాలజిస్ట్ కార్ల్ ఆక్సెల్ ఎక్బామ్ 1945లో దీని మీద ఏకంగా ఒక గ్రంథం రాసి ఇప్పుడున్న పేరు స్థిరపరిచాడు. 1953లో అదే దేశంలో నార్డ్‌లాండర్ అనే వైద్యుడు నరంలోకి ఐరన్ ఎక్కిస్తే చాలామందికి తగ్గిందని రాశాడు. 2007లో దీనితో సంబంధమున్న జన్యువుల్ని రెండు వేర్వేరు బృందాలు గుర్తించాయి. విల్లిస్ కాలానికి ఏ కంపెనీ సేల్స్ టీమ్ ఉంది?

కథ అక్కడితో అయిపోలేదు. ఆ మందుల వరసే, అంటే మెదడులో డోపమైన్ పనిని అనుకరించే మందులే, తర్వాత ఎదురు తిరిగాయి. మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి. ఏళ్ళు వాడేకొద్దీ కొందరిలో బాధ రాత్రి పదింటి బదులు సాయంత్రం నాలుగింటికే మొదలవుతుంది, పిక్కల నుంచి తొడలకీ చేతులకీ పాకుతుంది. మోతాదు పెంచితే ఇంకా పెరుగుతుంది. కొందరికి జూదం లాంటి వ్యసనాలు కూడా అంటుకున్నాయి. 2025లో వచ్చిన అమెరికన్ నిద్రావైద్యుల మార్గదర్శకాలు ఈ మందుల్ని మామూలుగా వాడొద్దని చెప్తున్నాయి. ముందు ఐరన్ సంగతి చూడమని, మందు కావాలంటే గబాపెంటిన్, ప్రీగబాలిన్ లాంటివి ఆలోచించమని అంటున్నాయి.

కాబట్టి కంపెనీల మీద అనుమానం సరైనదే. ఆ అనుమానం రోగి మీదకి మళ్ళితేనే నాకు అభ్యంతరం. మందు అమ్మినవాడు మోసగాడైతే కాళ్ళు పీకినవాడు అబద్ధాలకోరు అయిపోడు. "జబ్బు అనేది ఒక నిర్మాణం" అని మనం సెమినార్‌లో రెండు గంటలు సుఖంగా కూర్చుని చెప్పగలుగుతున్నామంటే, ఆ కూర్చోగలగడం మనకి దొరికిన సౌకర్యం. అది అందరికీ లేదు.

*

ఇప్పుడు అసలు కోపం వచ్చే చోటికి వస్తాను.

డోపమైన్ తయారవడానికి మెదడుకి ఐరన్ కావాలి. ఈ జబ్బు ఉన్నవాళ్ళ మెదడులో కొన్ని భాగాల్లో ఐరన్ తక్కువగా ఉంటుందని ఎమ్మారై పరీక్షల్లోనూ, చనిపోయినవాళ్ళ మెదళ్ళని పరిశీలించినప్పుడూ తేలింది. రక్తంలో సరిపడా ఉన్నట్టు కనిపించినా మెదడులో తక్కువ ఉండొచ్చు. అందరికీ ఇదొక్కటే కారణం కాదు. వంశపారంపర్యం ఉంది, కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో ఎక్కువ, గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఎక్కువ. కానీ సరిచేయగలిగిన కారణాల్లో ఐరన్ ముందు వరసలో ఉంటుంది.

ఈ జబ్బు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆ సర్వే కొలిచింది హిమోగ్లోబిన్. ఒంట్లో ఐరన్ నిల్వలు దానికన్నా ముందే ఖాళీ అవుతాయి. జీతం పడే ఖాతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్లు అప్పటికే విరిచేసి ఉంటాయి. ఆ నిల్వని చెప్పేది ఫెరిటిన్ అనే పరీక్ష.

మా అమ్మకి ఆ పరీక్ష మొదటిసారి చేయించింది రెండేళ్ళ క్రితం. నాకు జబ్బు పేరు తెలిశాక, ఇది ఇళ్ళల్లో నడుస్తుందని చదివాక, సిగ్గుపడుతూ చేయించాను. హిమోగ్లోబిన్ 12.1, నార్మల్. ఫెరిటిన్ 14. ల్యాబ్ కాగితం మీద అది కూడా నార్మలే, వాళ్ళ పరిధి 10 నుంచి మొదలవుతుంది. ఈ జబ్బున్నవాళ్ళకి 75 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఐరన్ ఇవ్వడం ఆలోచించాలని నిపుణులు చెప్తారు. 10కీ 75కీ మధ్య ఉన్న ఆ ఖాళీలో ఎంతమంది ఆడవాళ్ళు "రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదమ్మా" అనిపించుకుని ఇంటికొచ్చి రాత్రంతా వంటింట్లో నిలబడ్డారో. నా ఉద్యోగంలో కూడా ఇలాంటిది జరుగుతుంది. అలర్ట్ ఎక్కడ మోగాలో తప్పుగా పెట్టి, డాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది కాబట్టి కస్టమర్ ఫిర్యాదు అబద్ధం అంటాం.

ఇక్కడ కాళ్ళు పిసకడం దగ్గరికి మళ్ళీ వెళ్దాం. మన క్యాలెండర్ బొమ్మల్లో విష్ణువు పడుకుని ఉంటే లక్ష్మి పాదాలు ఒత్తుతూ ఉంటుంది. అత్తగారి కాళ్ళు కోడలు పిసుకుతుంది. దొర కాళ్ళు జీతగాడు పిసుకుతాడు. ఇందులో ఎవరు పైన, ఎవరు కింద అని చదివిన స్త్రీవాద, దళిత విమర్శ నాకు చాలా నేర్పింది. నేను దాన్ని వెనక్కి లాగడం లేదు. ఇంకో ప్రశ్న చేరుస్తున్నాను: పిసికే మనిషి కాళ్ళ మాటేంటి? కాన్పు మీద కాన్పు అయి, అందరూ తిన్నాక మిగిలింది తిన్న కోడలి ఒంట్లో ఐరన్ ఎంత ఉంటుంది? అత్తగారి కాళ్ళు పిసికి వచ్చి పడుకున్నాక ఆవిడ కాళ్ళు పీకితే ఎవరిని లేపాలి? మా అమ్మమ్మ పాత చీర పేలికలు చింపి పిక్కలకి బిగించి కట్టుకుని పడుకునేది. చిన్నప్పుడు మేం అది చూసి నవ్వేవాళ్ళం. ఆవిడని ఎవరూ పిసకలేదు కాబట్టి గుడ్డతో తనని తానే పిసుక్కునేదని ఇప్పుడు అర్థమవుతోంది. ఒంటిని పక్కనపెట్టి అధికారాన్ని చదివితే ఆ గుడ్డ పేలిక కనిపించదు.

*

మన సాహిత్యంలో నిద్రలేని రాత్రికి ఒక గ్లామర్ ఉంది. నిద్రపట్టకపోవడం సున్నిత మనస్తత్వానికి సర్టిఫికెట్. ఫేస్‌బుక్‌లో రాత్రి రెండింటికి కవిత పెట్టినవాడు టైమ్ కూడా కనపడాలని కోరుకుంటాడు. సూసన్ సాంటాగ్ 1978లో జబ్బుల్ని రూపకాలుగా మార్చడం మీద రాసిన పుస్తకంలో, పందొమ్మిదో శతాబ్దపు యూరప్ క్షయని ఎలా కవుల జబ్బుగా, సున్నితత్వపు గుర్తుగా ముస్తాబు చేసిందో చూపించింది. నిద్రలేమికి మనం చేస్తున్నది అదే. నేను చెప్పగలిగింది ఒకటే. రాత్రి రెండింటికి మేలుకుని ఉండటంలో నాకు ఇంతవరకూ ఏ కవిత్వమూ తగల్లేదు. మర్నాడు కోడ్ రివ్యూలో నోటికొచ్చినట్టు మాట్లాడి, తర్వాత సారీ చెప్పుకోవడం తగిలింది. హైదరాబాద్ నుంచి రాజమండ్రి స్లీపర్ బస్‌లో పై బెర్తులో, కూర్చోవడానికీ నిలబడటానికీ వీల్లేని ఆ పెట్టెలో, తెల్లారేదాకా పిక్కలు గుద్దుకోవడం తగిలింది.

"అయితే కథలో ప్రతి ముసలావిడకీ ఫెరిటిన్ టెస్ట్ రాయమంటావా?" అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. లేదు. వరస మార్చమంటున్నాను. ముందు కాళ్ళని కాళ్ళుగా చదవండి, తర్వాత వాటిని దేనికైనా గుర్తుగా చదవండి. అలా చదివితే కథ చిన్నదైపోతుందన్న భయం అక్కర్లేదు. ఆ ఆదివారం కథనే తీసుకోండి. ఆవిడ కాళ్ళు నిజంగా పీకుతున్నాయనుకుంటే, మనం అశాంతి అని చదివిన ఆ నడక, ఆ రాత్రిలో ఆవిడకి దొరికిన ఒకే ఒక్క శాంతి. ఆవిడకి నరకం మంచం మీద ఉంది, మనం మాత్రం హాల్లో వెతికాం. మనవరాలిని లేపడం అధికారమే, కానీ గత్యంతరం లేని అధికారం. ఒక ఆడమనిషి నిద్ర కోసం ఇంకో ఆడపిల్ల నిద్ర ఖర్చయ్యే లెక్క అది. పైగా ఈ జబ్బు ఇళ్ళల్లో నడుస్తుంది. ఆ మనవరాలు పెద్దయ్యాక ఆ హాల్లో ఎవరు తిరుగుతారు? ఈ ప్రశ్న మా పదిహేను మందిలో ఎవరికీ రాలేదు.

*

ఇంత తిట్టాక పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పకపోతే అన్యాయం.

పై ఐదు ప్రశ్నలకి మీ జవాబు అవుననైతే, డాక్టర్ దగ్గర నొప్పి అన్న మాట వాడకండి. "పడుకుంటే మొదలవుతుంది, నడిస్తే తగ్గుతుంది, రాత్రి ఎక్కువ" అని ఆ వరసలోనే చెప్పండి. న్యూరాలజిస్ట్ అయితే మంచిది. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, ఐరన్ పరీక్షలు రాయమని అడగండి. ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి జ్వరంలో చేయించకండి. తక్కువ వచ్చింది కదా అని మీ అంతట మీరు ఐరన్ మాత్రలు మింగకండి. ఎక్కువైతే అదీ ప్రమాదమే. మగవాళ్ళలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఐరన్ తగ్గితే లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో కూడా చూడాలి. మాత్రలతో ఫలితం తెలియడానికి రెండుమూడు నెలలు పడుతుంది. టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు.

మీరు వాడుతున్న మందుల జాబితా తీసుకెళ్ళండి. నిద్రమత్తు తెచ్చే పాత రకం జలుబు మాత్రలు, వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్ మందుల్లో కొన్ని దీన్ని పెంచుతాయి. నిద్ర పడుతుందని జలుబు మాత్ర వేసుకుని రాత్రంతా తన్నుకున్నవాళ్ళలో నేనొకడిని. డిప్రెషన్ మందు మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా ఒక్కరోజులో ఆపొద్దు, అది వేరే ప్రమాదం. సాయంత్రం కాఫీ మానేసి చూడండి. మందు తాగితే నిద్రొస్తుందన్నది ఈ జబ్బులో అబద్ధం, చాలామందికి ఆ రాత్రే ఎక్కువవుతుంది. పడుకోబోయే ముందు పిక్కలు సాగదీయడం, వేడి నీళ్ళో చల్ల నీళ్ళో (ఎవరికేది పనిచేస్తే అది), గట్టిగా మర్దన, ఇవి ఆ గంటకి పనికొస్తాయి. జబ్బుని తీసేయవుగానీ నిద్రలోకి జారే సందు ఇస్తాయి.

ఇంకొకటి. మెదడు ఏదైనా పనిలో మునిగితే ఈ పీకుడు కాస్త వెనక్కి తగ్గుతుంది. పదకేళి, కష్టమైన బగ్, మంచి వాదన. ఈ వ్యాసంలో సగం రాత్రి పన్నెండు తర్వాత, వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, నిలబడి రాసిందే. కోపం బాగా పనిచేసింది.

అమ్మకి ఐరన్ ఎక్కించాక కొన్ని వారాలకి తగ్గింది. పూర్తిగా కాదు, వారంలో ఐదు రాత్రులు పడుకుంటోంది. నాకు ఐరన్ బాగానే ఉంది, కాబట్టి ఆ దారి నాకు లేదు; వేరే మందుతో సగం తగ్గింది. అమ్మ ఒకరోజు ఫోన్లో "ఇది రోగమని ముందే తెలిస్తే మా అమ్మని కూడా చూపిద్దుము కదరా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మమ్మ పోయి పదకొండేళ్ళయింది.

మనందరి ఇళ్ళల్లో సాయంత్రం పూట కాళ్ళు పీకుతున్నాయని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఈసారి ఆ మాట వినపడితే వయసుకి, పనికి, మనసుకి, ఏ యుగపు అశాంతికీ దాన్ని కట్టబెట్టకుండా ఒక్క ప్రశ్న అడగండి. "పడుకుంటేనా, నడిస్తేనా?" అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.